పిల్లలున్న యింట చలికాలపు సెలవులు

(సంఘ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



చలికాలము వచ్చెననగా రాజధానిలోని తెలుగు ఉద్యోగుల యిండ్లలో రెండు పంచాంగములు ఎదురెదురుగా నిలుచును. ఒకటి పిల్లల పంచాంగము, రెండవది కార్యాలయపు పంచాంగము. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలకు సాధారణముగా జనవరి 1వ తేదీ నుండి 15వ తేదీ వరకు సెలవులు. కేంద్రీయ విద్యాలయములలో చదువు పిల్లలకు డిసెంబరు చివరి వారమున మొదలై దాదాపు పది దినములు. అప్పటికి ధనుర్మాసము జరుగుచుండును. భోగి, సంక్రాంతి, కనుమ ఒకదాని వెంట ఒకటి వచ్చును. పిల్లల లెక్కలో సంవత్సరమంతటిలో ఇంతకంటె మంచి రోజులు లేవు.

కార్యాలయపు పంచాంగము వేరు. పూర్వము ఫిబ్రవరి చివరి దినమున సమర్పించు కేంద్ర బడ్జెటును 2017వ సంవత్సరము నుండి ఫిబ్రవరి 1వ తేదీననే సమర్పించుచున్నారు. అందుచేత సవరించిన అంచనాలు, పద్దుల పరిశీలన, శాఖల నడుమ నడచు ఉత్తర ప్రత్యుత్తరములు డిసెంబరు, జనవరి నెలలలో ముమ్మరమగును. పార్లమెంటు శీతకాల సమావేశములలో మిగిలిన పని ఒకవైపు, జనవరి 26వ తేదీ గణతంత్ర దినోత్సవపు ఏర్పాట్లు మరియొకవైపు. క్రిస్మస్ నాడు కార్యాలయములకు సెలవు గలదు. మకర సంక్రాంతి మాత్రము ఢిల్లీలో అందరికి లభించు సెలవుదినము కాదు. ఉద్యోగులు 'ఆర్.హెచ్.' అని వ్యవహరించు పరిమిత సెలవుల జాబితాలో అది యొకటి. కోరుకొన్నవారికే అది లభించును.

కాబట్టి పిల్లలకు సంపూర్ణమైన తీరిక యున్న దినములే తల్లిదండ్రులకు ఊపిరాడని దినములు. ఇందులో ఎవరి తప్పును లేదు. కాని ఈ రెండు పంచాంగముల నడుమ జారిపోవునది పిల్లల బాల్యము. ఆ దినములను ఎట్లు దక్కించుకొనవలెనన్నదే ఈ ప్రసంగ విషయము.

ముందుగా పూర్వపు పద్ధతిని కొంచెము తలచుకొందురుగాక. తెలుగు పల్లెలలో సంక్రాంతి నాటికి పంట యింటికి చేరును. పెద్దలకు కొంత తీరిక చిక్కును. సరిగా అదే సమయమునకు పిల్లలకును సెలవులు వచ్చును. రెండు పంచాంగములు అక్కడ ఒకటిగానే యుండెను. అంతమాత్రమున ఆనాటి పెద్దలు పిల్లలను ఈనాటివారికంటె ఎక్కువగా ప్రేమించిరని చెప్పుటకు వీలులేదు. నిజమునకు చాల యిండ్లలో తండ్రి పిల్లలను దగ్గరకు పిలిచి మాటలాడుట అరుదు. అయినను పిల్లవాడు పెద్దల పని నడుమ పెరిగినాడు. అమ్మమ్మ అరిసెలకు బియ్యము దంచుచుండగా జల్లెడ పట్టుకొని కూర్చున్నది మనుమరాలు. తండ్రి పశువులను కడుగుచుండగా చెంబుతో నీళ్లు పోసినవాడు కుమారుడు. ఎవరును వారికి ప్రత్యేకముగా సమయము కేటాయింపలేదు. పని యింటనే యుండుటచేత పెద్దల సమయము పిల్లలకు తానై దొరకినది.

రాజధానిలో పని యింటిని విడిచిపోయినది. గుర్తింపు పత్రము చూపినగాని లోపలికి పోనియ్యని భవనములలో అది జరుగుచున్నది. "మీ నాన్నగారు ఏమి చేయుదురు?" అని అడిగిన, ఎనిమిదేండ్ల పిల్లవాడు "ఆఫీసుకు వెళ్లుదురు" అని మాత్రము చెప్పగలడు. వెళ్లుట, వచ్చుట తప్ప ఆ పనిలో వాని కంటికి కనబడినది ఏదియు లేదు. సాయంకాలము యింటికి వచ్చునది పని కాదు, పని మిగిల్చిన అలసట.

ఒక యింటిని ఊహింపుడు. రామకృష్ణాపురములో రెండు గదుల క్వార్టరు. భార్యాభర్తలిద్దరును ఉద్యోగులే. పెద్దది ఎనిమిదేండ్ల బాలిక, చిన్నవాడు నాలుగేండ్లవాడు. జనవరి మొదటి వారము. ఉదయము 7 గంటల 15 నిమిషముల ప్రాంతమున గాని సూర్యుడు ఉదయింపడు. కృష్ణాతీరమున అంతకు అరగంట ముందే తెల్లవారియుండును. ఇక్కడ ఉదయించిన పిదపనైనను పొగమంచులో కనబడునని నమ్మకము లేదు. 2021 జనవరి 1వ తేదీన సఫ్దర్‌జంగ్ కేంద్రమున కనిష్ఠ ఉష్ణోగ్రత 1.1 డిగ్రీలకు దిగినది. అటువంటి ఉదయములలో పిల్లలు రజాయిలు విడిచి లేవరు. గాలి చెడియున్న దినములలో బయట ఆడుకొనుటకు పంపరాదు. తల్లి అన్నము వండి డబ్బాలలో సర్ది, పక్కింటివారికి తాళపుచెవి యిచ్చి, పదిమారులు జాగ్రత్తలు చెప్పి బస్సునకు పరుగెత్తును. తండ్రి అప్పటికే మెట్లు దిగియుండును. మధ్యాహ్నమునకు అక్కా తమ్ముడు మూడుమారులు పోట్లాడుకొందురు. తల్లి బల్లమీది టెలిఫోను మ్రోగును. "వానికి సెల్‌ఫోను ఇచ్చి ఊరకుంచు" మనుట తప్ప ఆమెకు వేరు మార్గము తోచదు. రాత్రి ఏడున్నరకు ఇంటికి చేరినవారిద్దరికిని ఇల్లంతయు చిందరవందరగా కనబడును. మొదటి మాట "ఇదేమిటి?" అనునదే యగును.

ఇటువంటి యిండ్లు ఈ సభలో ఒకటి రెండు కావు. ఇందులో ఎక్కువ బరువు తల్లిమీద పడుచున్నదని వేరుగ చెప్పనక్కరలేదు. పిల్లవానికి జ్వరము వచ్చిన సెలవు పెట్టునది ఆమె, పండుగ పిండివంటలకు సెలవు పెట్టునది ఆమె, సెలవులు చాలనప్పుడు మాట పడునదియు ఆమెయే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడవలెను. కార్యాలయములో లెక్కలు చూచువారికి అది కష్టము కాదు. పిల్లవానికి జ్ఞాపకము నిలుచుట సుమారు మూడు నాలుగు ఏండ్ల వయస్సున మొదలగును. పదమూడు పదునాలుగు ఏండ్లు వచ్చుసరికి పరీక్షలు, ట్యూషనులు, స్నేహితులు వానిని ఇంటినుండి దూరముగా లాగుకొనును. అనగా ఒక్కొక్క బిడ్డకు దక్కు సంక్రాంతులు దాదాపు పది. ఈ పదింటిలో ఒకటి జ్వరమునకు, ఒకటి బదిలీకి, రెండు మూడు బడ్జెటు పనికి పోయినవనుకొన్న మిగులునవి ఐదారు. జి.పి.ఎఫ్.లో సొమ్ము తగ్గిన మరల జమకట్టవచ్చును. ఈ ఖాతాలో మరల జమ లేదు.

అట్లయిన ఏమి చేయవలెను? మొదట నియమములు ఏమి యిచ్చుచున్నవో తెలిసికొనుట మంచిది. ప్రతి ఉద్యోగియు సంవత్సరమునకు రెండు పరిమిత సెలవులు తీసికొనవచ్చును. వానిలో ఒకటి సంక్రాంతికి అని ఏడాది మొదటనే నిర్ణయించుకొని పై అధికారికి తెలిపినచో, జనవరి రెండవ వారమున మొగమాటపడవలసిన అవసరముండదు. పదునెనిమిది ఏండ్లు నిండని యిద్దరు పిల్లల పెంపకము కొరకు మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తముమీద 730 దినముల శిశు సంరక్షణ సెలవు 2008 సెప్టెంబరు 1వ తేదీ నుండి అమలులో నున్నది. ఒంటరిగా పిల్లలను పెంచు తండ్రులకును తరువాత అది వర్తింపజేయబడినది. భార్య తోడున్న తండ్రికి మాత్రము ఆ సెలవు లేదు. అందుచేతనే వాని చేతిలోనున్న ఒక్క పరిమిత సెలవునకు విలువ ఎక్కువ. ఆ దినము భార్య మాత్రమే సెలవు పెట్టి, భర్త సాయంకాలము వచ్చి అరిసె నోటిలో వేసికొనినచో, పిల్లలు ఆ పండుగ నుండి నేర్చుకొను పాఠము మంచిది కాదు.

స్వస్థలమునకు పోవుట ఉత్తమమని అందరును చెప్పుదురు. అది నిజమే. కాని దూరము దాదాపు 1,700 కిలోమీటర్లు. జనవరిలో ఉత్తరాది పొగమంచు వలన రైళ్లు గంటల కొలది ఆలస్యమగును. 2024 నవంబరు 1వ తేదీ నుండి రిజర్వేషను 120 దినములకు బదులు 60 దినముల ముందు మాత్రమే లభించుచున్నది. కాబట్టి సంక్రాంతి ప్రయాణమునకు నవంబరు రెండవ వారముననే మేలుకొనవలెను. ఎల్.టి.సి. నాలుగేండ్ల కాలావధిలో స్వస్థలమునకు రెండుమారులు లభించును, లేక ఒకమారు స్వస్థలమునకు, ఒకమారు దేశములో మరియొక చోటికి. కావున ప్రతి సంక్రాంతికి పోవుట సామాన్య కుటుంబమునకు సాధ్యము కాదు. పోగలిగిన సంవత్సరము పోవలెను. పోలేని సంవత్సరము "ఇక్కడ పండుగ ఏమున్నది?" అని నిట్టూర్చి, పిల్లల యెదుట ఆ యిల్లు తక్కువయనిపింపరాదు. వారు పుట్టి పెరుగుచున్నది ఆ యింటనే. పెద్దలకు అది అద్దె క్వార్టరు, పిల్లలకు అది స్వస్థలము.

ఇంటనే యుండిపోయిన సంవత్సరము చేయదగినది యేమి? తెలుగు నేర్పవలెనని పలక పట్టించుట ఒక పద్ధతి. అక్షరములు నేర్పు సంస్థలు ఈ నగరమున లేకపోలేదు. దుర్గాబాయమ్మగారు 1948లో స్థాపించిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలు తరతరముల తెలుగు పిల్లలకు సేవచేసినవి. కాని పాఠశాల అక్షరమును మాత్రమే యియ్యగలదు. మాటను ఇచ్చునది ఇల్లు. చాల యిండ్లలో పిల్లలు వినుచున్న తెలుగు ఎంత? "లే, తిను, చదువు, పండుకో, అల్లరి చేయకు." ఇవి అన్నియు ఆజ్ఞలు. ఆజ్ఞలు మాత్రమే వినుచు పెరిగిన బిడ్డకు తెలుగు అధికారుల భాషగా మిగులును. స్నేహమునకు, కథకు, నవ్వుటకు వాడు హిందీని, ఇంగ్లీషును వెదకికొనును. అది వాని తప్పు కాదు.

దీనికి విరుగుడు పాఠము కాదు, పని. ఢిల్లీ చలికాలమున బజారులో బఠాణీకాయలు రాశులుగా వచ్చును. ఆదివారము మధ్యాహ్నము ఎండలో చాప పరచి, రెండు కిలోల కాయలు నడుమ పోసి, తల్లి, తండ్రి, పిల్లలు చుట్టును కూర్చున్నచో గంటసేపు గడచునది తెలియదు. ఒలుచుట, ఏరుట, చెరుగుట, తురుముట, జల్లించుట, నానబెట్టుట, దంచుట. ఈ మాటలకు అర్థము పుస్తకములో వెదకనక్కరలేదు. చేయి చేయుచుండగా చెవి నేర్చుకొనును. చేతులకు పనియున్నప్పుడు నోరు తీరికగా నుండును. తండ్రి తన చిన్ననాటి ఊరి చెరువును గూర్చి చెప్పుటకు అంతకంటె మంచి సమయము దొరకదు. ఎదురుగా కూర్చుండబెట్టి "చెప్పెదను వినుము" అని చెప్పిన కథ పిల్లలు వినరు. బఠాణీలు ఒలుచుచు తనలో తాను చెప్పుకొనునట్లు చెప్పిన కథను "తరువాత ఏమైనది?" అని వారే అడుగుదురు.

నాలుగేండ్లవాడు ఒలిచినదానికంటె తినునది ఎక్కువ యగును. అరిసెల పిండిలో చేయిపెట్టి ఒడలంతయు పూసికొనును. ఆలస్యము తప్పదు. ఆ ఆలస్యమునకు కోపగింపకుండుటయే పెద్దలు చేయవలసిన అసలు పండుగ పని. ఇల్లు శుభ్రముగా నుండుటకు సంవత్సరములో తక్కిన దినములు కలవు.

పండుగ దినములను గూర్చి కొన్ని మాటలు. భోగిమంట వేయవలెనని కొందరికి కోరిక. పల్లెలో విశాలమైన వీధిలో వేసిన మంట వేరు. ఊపిరి సలుపని జనవరి ఉదయమున క్వార్టర్ల నడుమ పాత చాపలు, ప్లాస్టికు కాల్చుట వేరు. ఢిల్లీ ప్రాంతమున ఆరుబయట చెత్త కాల్చినవారికి 5,000 రూపాయల జరిమానా యని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లోనే ఉత్తరువు చేసినది. నియమమునకంటె పిల్లల ఊపిరి ముఖ్యము. గడప యొద్ద దీపము వెలిగించి, వాడని వస్తువులను, చిన్నవైపోయిన ఉన్ని బట్టలను ఏరి, చలిలో నున్నవారికి పిల్లల చేతనే ఇప్పించినచో పాతదానిని వదలుకొను ఆచారమునకు లోపము రాదు. ఇక్కడనే మరియొక హెచ్చరిక అవసరము. చలికి తాళలేక తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాపాయము. వాసన లేని విషవాయువు గదిని నింపి నిద్రలోనే ప్రాణము తీయును. ప్రతి చలికాలమున ఇట్టి దుర్వార్తలు వినవచ్చుచున్నవి.

భోగిపండ్లకు మాత్రము ఈ నగరమున కొరత లేదు. రేగిపండ్లు ఇక్కడను ఈ కాలముననే వచ్చును. చెరకు ముక్కలు, చేమంతి రేకులు, నానిన సెనగలు, చిల్లర నాణెములు కలిపి చిన్నవారి తలమీద పోయుటకు పేరంటము పిలిచినప్పుడు పంజాబీ పొరుగింటి పిల్లలను కూడ పిలువవలెను. ఏలనగా వారికి జనవరి 13వ తేదీ లోహ్రీ. ఉదయము తెలుగువారి భోగి, సాయంకాలము వారి లోహ్రీ తరచుగా ఒకే దినమున పడును. వారి రేవ్‌డీలు, వేరుసెనగలు ఈ యింటికి వచ్చును; ఈ యింటి అరిసెలు ఆ యింటికి పోవును. మరునాడు తమిళుల పొంగలి, మరాఠీవారి నువ్వులు బెల్లము, ఉత్తర ప్రదేశమువారి కిచిడీ, అస్సామువారి మాఘ బిహు. ఒక్క క్వార్టర్ల మెట్లదారిలోనే ఇవి అన్నియు కనబడును. సూర్యుడొక్కడే, పండుగలు పలువురివి అని పిల్లవానికి ఎవరును ఉపన్యసింపనక్కరలేదు. పళ్లెము పట్టుకొని మెట్లు ఎక్కి దిగినచో వానికే తెలియును. సంక్రాంతికి గాలిపటములు ఎగురవేయు తెలంగాణ పిల్లవాడు, ఢిల్లీ పిల్లలు వానిని ఆగస్టు 15వ తేదీన ఎగురవేయుదురని తెలిసికొని ఆశ్చర్యపడును. రెండు మారులును ఎగురవేయుటకు వానికెవరును అడ్డు చెప్పరాదు.

ముగ్గునకు ఆవరణ లేదని చింతింపనక్కరలేదు. తలుపు ముందరి నాలుగడుగుల చోటు చాలును. చుక్కలు పెట్టునది తల్లియైన, కలుపునది బిడ్డ కావలెను. గీత వంకరయైనను చెరపి దిద్దరాదు. బొమ్మల కొలువు కొన్ని జిల్లాలలో సంక్రాంతికి, కొన్నింట దసరాకు పెట్టుట ఆచారము. ఎవరి ఆచారము వారిదే. బొమ్మలు తక్కువైనచో పిల్లలు తమ మోటారుబండ్లను, ప్లాస్టికు ఏనుగులను తెచ్చి కొలువులో నిలుపుదురు. నిలుపనిండు.

తాతయ్య, నాయనమ్మగార్లను చలికాలమున ఢిల్లీకి పిలుచునప్పుడు వారి ఆరోగ్యమును ఆలోచింపవలెను. వచ్చినచో, పగటి యెండలో మేడమీద కుర్చీ వేసి మనుమలను వారి యొద్ద కూర్చుండబెట్టుట మంచిది. అయితే వారిని పిల్లల కాపలాదారులుగా మాత్రము చూడరాదు. రాలేనివారితో సెల్‌ఫోనులో ముఖాముఖి మాటలాడు సౌకర్యము ఇప్పుడు గలదు. ఆ పరికరమును ఊరకుంచుటకు ఇచ్చుటకంటె, "అమ్మమ్మా, పాకము ఎప్పుడు దింపవలెను?" అని బిడ్డచేత అడిగించుటకు వాడినచో దాని జన్మ సార్థకమగును.

సంఘమునకును ఒక విన్నపము గలదు. సంక్రాంతి సభకు పద్యపఠనము, వేషధారణ పోటీలు ఏర్పాటుచేయుట శ్లాఘనీయమే. కాని వాని సాధనల కొరకు తల్లిదండ్రులు, పిల్లలు సెలవులలోని సాయంకాలములన్నియు వేరు వేరు చోట్ల గడుపవలసి వచ్చిన ప్రయోజనము తలక్రిందులగును. తల్లియో తండ్రియో బిడ్డతో కలసి పాల్గొను ముగ్గుల పోటీ, తాతలు చెప్పు కథల గోష్ఠి పెట్టినచో బహుమతి ఎవరికి వచ్చినను లాభము అందరిదియు నగును.

చివరగా, ఈ చెప్పినదంతయు సెలవు దొరకినవారికే గదా యని కొందరు తలంపవచ్చును. నిజమే, బడ్జెటు విభాగములో పనిచేయు ఉద్యోగికి సంక్రాంతి నాడైనను సెలవు దొరకదు. అట్టివారికి మిగిలినది రాత్రి యింటికి చేరిన తరువాతి మొదటి అరగంట. ఆ అరగంటలో "ఇదేమిటి?" అను మాటకు బదులు "ఈ రోజు ఏమేమి చేసినారు?" అని అడిగి, చెప్పుల జత విప్పుచునే సమాధానము వినిన చాలును. చిందరవందరయైన గదిలో ఆ పిల్లలు పగలంతయు కట్టుకొన్న రైలు, ఊరు, కోట కనబడును. ఆ కోటకు తలుపు ఎటువైపో వారే తెలుగులో చెప్పుదురు.

పది సంక్రాంతులలో ఎన్ని మిగిలినవో ఎవరి యింటి లెక్క వారికి తెలియును. మిగిలినవానిని పోనియ్యకుడని విజ్ఞప్తి.